బరంపురం వకీలు, జెనీవా సభ, జబ్బుకు బీమా

గంజాం చరిత్ర ధారావాహిక: 11వ భాగం

1927 మే, జూన్ నెలల్లో అంతర్జాతీయ కార్మిక మహాసభ పదోసారి జెనీవాలో కూడింది. ఆ ఏడాది సభ ముందున్న పెద్ద ప్రశ్న ఇది: కూలి మీద బతికే మనిషి మంచం పడితే అతని మందుల ఖర్చూ ఇంటి ఖర్చూ ఎవరు భరించాలి? భారత కార్మికుల తరఫున ఆ సభకు వెళ్లినాయన బరంపురం వకీలు వరాహగిరి వెంకటగిరి. అప్పటికి ఆయనకు ముప్ఫై మూడో ఏడు నడుస్తోంది. నలభై రెండేళ్ల తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఆయనే. దేశం ఆయన్ని రాష్ట్రపతిగానే గుర్తుపెట్టుకుంది. గంజాం మాత్రం ఈ జెనీవా ప్రయాణాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి.

జూన్ 15న ఆ సభ రెండు ఒప్పందాలను ఆమోదించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ జాబితాలో అవి 24వది, 25వది. మొదటిది ఫ్యాక్టరీల్లో, వ్యాపార సంస్థల్లో, ఇళ్లల్లో పనిచేసేవారికి. రెండోది పొలంలో పనిచేసే కూలీలకు. రెండింటి సారాంశం ఒకటే. జబ్బు బీమా నిర్బంధంగా ఉండాలి. కార్మికుడు, యజమాని ఇద్దరూ చందా కట్టాలి. పనికి పోలేని స్థితిలో కనీసం మొదటి 26 వారాలు చేతికి డబ్బు అందాలి. వైద్యం అందాలి. పొలం కూలీకి జబ్బు బీమా హక్కుగా ఉండాలని ప్రపంచ దేశాలు కాగితం మీద రాసుకుని ఇప్పటికి వందేళ్లు కావస్తోంది.

ఆ హాల్లో అమెరికాకు కుర్చీ లేదు. అమెరికా ఆ సంస్థలో చేరింది 1934లో. జర్మనీలో బిస్మార్క్ 1883లోనే కార్మికులకు జబ్బు బీమా పెట్టాడు. బ్రిటన్‌లో లాయిడ్ జార్జి 1911లో పెట్టాడు. 1912 అధ్యక్ష ఎన్నికల్లో థియోడర్ రూజ్‌వెల్ట్ నిలబడ్డ ప్రోగ్రెసివ్ పార్టీ జబ్బుకు, వృద్ధాప్యానికి సామాజిక బీమా కావాలని తన ప్రణాళికలో రాసుకుంది. ఆయన ఓడిపోయాడు. తర్వాత కొన్ని రాష్ట్రాల్లో బిల్లులు వచ్చాయి, పడిపోయాయి. జెనీవా సభనాటికి అమెరికాలో ఆ మాట ఎత్తేవాళ్లే తక్కువైపోయారు.

డబ్లిన్ పాఠం

గిరి తండ్రి జోగయ్య పంతులు బరంపురంలో పేరున్న వకీలు. తల్లి సుభద్రమ్మ జాతీయోద్యమంలో పనిచేసిన మనిషి. 1894 ఆగస్టు 10న పుట్టిన గిరి ఖల్లికోట కాలేజీలో చదువుకుని, 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లాడు. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. బరంపురం వీధుల్లో తెలుగు, ఒడియా రెండూ ఇంటి భాషలే.

ఆయన వెళ్లిన ఏడాదే డబ్లిన్ అట్టుడికిపోయింది. ఆగస్టులో ట్రాము కార్మికులు సమ్మెకు దిగారు. సంఘంలో చేరినవాళ్లకు పని ఇవ్వబోమని యజమానులు తలుపులు మూసేశారు. ఇరవై వేల మంది నెలల తరబడి జీతాల్లేకుండా ఉన్నారు. జిమ్ లార్కిన్, జేమ్స్ కానొలీ వాళ్ల నాయకులు. వకాల్తా నేర్చుకోవడానికి వెళ్లిన బరంపురం కుర్రవాడి మీద ఆ ఊరి రాజకీయాలు బలంగా పనిచేశాయి. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఆయన ఐర్లండు వదిలి రావలసి వచ్చింది.

డబ్లిన్‌లో మన కథకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. లాయిడ్ జార్జి చట్టం కింద బ్రిటన్‌లో కార్మికుడు వారానికి 4 పెన్నీలు కడితే యజమాని 3, ప్రభుత్వం 2 కలిపేవి. అక్కడ ఆ చందాకు ప్రతిఫలంగా జబ్బు భత్యం వచ్చేది, డాక్టరు కూడా దొరికేవాడు. ఐర్లండుకు వచ్చేసరికి భత్యం ఇచ్చి డాక్టరును మినహాయించారు. ఐరిష్ డాక్టర్లలో చాలామంది, కాథలిక్ బిషప్పులు ఆ చట్టాన్ని వ్యతిరేకించారు. ఒకే రాజు, ఒకే చట్టం, మధ్యలో కాస్త సముద్రం. ఆ సముద్రానికి అవతల ఉన్నవాడికి బీమా వైద్యం లేకుండా పోయింది. బీమా పథకాలకు సరిహద్దు గీస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పాత ఉదాహరణ అక్కర్లేదు. గంజాంలో ఇదే కథ తొంభై ఏళ్లు దాటాక మళ్లీ నడిచింది. అక్కడికి వద్దాం.

తిరిగొచ్చిన గిరి బరంపురంలో ప్రాక్టీసు పెట్టాడు. సారా దుకాణాలకు వ్యతిరేకంగా నిరసన తెలిపి 1922లో జైలుకెళ్లాడు. తర్వాత ఆయన దృష్టి రైలు పట్టాల వైపు మళ్లింది. బరంపురం మీదుగా పోయే బెంగాల్ నాగపూర్ రైల్వేలో కార్మికులను కూడగట్టాడు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఆయన ఒకడు. 1926లో కార్మిక సంఘాల సమాఖ్య ఏ.ఐ.టి.యు.సి. అధ్యక్షుడయ్యాడు. 1928లో ఉద్యోగాలు కోల్పోయిన బి.ఎన్.ఆర్. కార్మికుల కోసం సమ్మె నడిపాడు. ఈ రెండు ఘటనల మధ్య వచ్చిందే జెనీవా ప్రయాణం.

"కూలీలు నిలకడగా ఉండరు"

జెనీవా ఒప్పందాలను భారత ప్రభుత్వం ఖరారు చేయలేదు. 1928లో కేంద్ర శాసనసభలో చర్చ జరిగింది, అక్కడితో ఆగింది. అప్పట్లో వినిపించిన కారణాలు రెండు. ఒకటి, డాక్టర్లు చాలరు. రెండు, ఈ దేశపు కూలీ ఒకచోట నిలవడు, నాలుగు నెలలు మిల్లులో చేసి ఊరికి పోతాడు, అలాంటి మనిషి దగ్గర చందా ఎలా వసూలు చేస్తాం, వైద్యం ఎక్కడ ఇస్తాం అన్నది.

ఈ రెండో కారణం గంజాం గురించే చెప్పినట్టుంది. ఆ రోజుల్లో గోపాలపూర్ రేవులో ఓడలెక్కి రంగూన్ వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లు, ఒడియాలు వేలల్లో ఉండేవారు. బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోసి, రిక్షాలు లాగి, డబ్బు పంపి, ఒంట్లో బాగోకపోతే ఊరికొచ్చేవారు. అలాంటి మనిషికే బీమా అన్నిటికంటే ఎక్కువ అవసరం. ఊరు దాటినవాడికి పక్కింటి సాయం ఉండదు. ప్రభుత్వం మాత్రం ఆ అవసరాన్నే అనర్హతగా మార్చింది. గంజాం ఆరోగ్య బీమా కథలో చివరిదాకా వెంట వచ్చే తప్పు ఇదే.

దేశంలో కార్మికుల స్థితిగతులు పరిశీలించిన విట్లీ కమిషన్ 1931 నివేదికలో కార్మికులకు ఆరోగ్య బీమా అవసరమని ఒప్పుకుంది, ముందు లెక్కలు తీయమంది. లెక్కల పేరుతో పన్నెండేళ్లు గడిచాయి. ఈలోగా 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, బరంపురంతో కలిపి గంజాంలో ఎక్కువ భాగం అటు వెళ్లింది. ఇచ్ఛాపురం, సోంపేట మద్రాసు వైపు ఉండిపోయాయి. బరంపురంలో పుట్టిన గిరి 1937లో బొబ్బిలిలో నిలబడి, మద్రాసు ప్రధాని పదవిలో ఉన్న బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ మంత్రి అయ్యాడు. పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, పదవి ఇంకో రాష్ట్రంలో. ఆనాటి గంజాం తెలుగు కుటుంబాల్లో ఇది మామూలు విషయమే. అన్న ఇటు, తమ్ముడు అటు.

చివరికి 1943 మార్చిలో బి.పి. అదార్కర్ అనే అర్థశాస్త్ర ఆచార్యుడికి పని అప్పగించారు. బ్రిటన్‌లో సామాజిక బీమా మీద బెవరిడ్జ్ నివేదిక అంతకు మూడు నెలల ముందే వచ్చింది. అదార్కర్ 1944లో నివేదిక ఇచ్చాడు. బట్టల మిల్లులు, ఇంజనీరింగ్, ఖనిజ లోహ పరిశ్రమల్లో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలతో మొదలుపెట్టమన్నాడు.

అదే సమయంలో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఇంకో కమిటీ దేశమంతటి ఆరోగ్యాన్ని పరిశీలిస్తోంది. దానికి సలహా ఇవ్వడానికి 1944 చివర్లో అమెరికా నుంచి ఒకాయన వచ్చాడు. పేరు హెన్రీ సిగరిస్ట్. స్విస్ కుటుంబంలో పుట్టి, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో వైద్య చరిత్ర బోధించిన మనిషి. అమెరికాలో అందరికీ నిర్బంధ ఆరోగ్య బీమా కావాలని గట్టిగా వాదించినవారిలో ముందువరసవాడు. 1939 జనవరిలో టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది. భారతదేశానికి రావడానికి కొద్ది వారాల ముందే ఆయన కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రానికి ఆరోగ్య ప్రణాళిక రాసిచ్చాడు. ఆ రాష్ట్రం 1947లో అందరికీ ఆసుపత్రి బీమా పెట్టింది. 1962 జులై 1న అందరికీ డాక్టరు బీమా తెచ్చింది. డాక్టర్లు 23 రోజులు సమ్మె చేసి చివరికి దారికొచ్చారు. కొన్నేళ్లలో కెనడా అంతా అదే బాట పట్టింది.

భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక అదార్కర్ కంటే చాలా ముందుకెళ్లింది. వైద్యం అందరికీ ఉచితంగా అందాలి, ఉన్నవాడి వాటా పన్ను ద్వారా రావాలి, డబ్బు కట్టలేడన్న కారణంతో ఎవరినీ తిప్పి పంపకూడదు అని రాసింది. చందా కట్టించుకునే శక్తి లేని దేశంలో పన్నే సరైన దారి అన్నది వాళ్ల నిర్ణయం. ఒక నివేదిక మిల్లు కార్మికుడికి, ఇంకొకటి అందరికీ. స్వతంత్ర భారతం మొదటిదాన్ని చట్టం చేసింది, రెండోదాన్ని బీరువాలో పెట్టింది.

సిగరిస్ట్ అమెరికా తిరిగి వెళ్లాక అక్కడ ఆయన భావాల మీద అనుమానాలు ముదిరాయి. 1947లో ఆయన ఆ దేశం వదిలి స్విట్జర్లాండు వెళ్లిపోయాడు.

మ్యాపులో లేని గంజాం

ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, జనం నోట్లో ఇ.ఎస్.ఐ., 1948లో వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న నెహ్రూ కాన్పూరులో ప్రారంభించారు. అదే రోజు ఢిల్లీలోనూ మొదలైంది. రెండు ఊళ్లలో కలిపి దాదాపు 1,20,000 మంది కార్మికులు. కొద్ది నెలల తర్వాత కేంద్ర కార్మిక మంత్రిగా వచ్చింది గిరి. జెనీవా హాల్లో విన్న ఒప్పందాన్ని పాతికేళ్ల తర్వాత సొంత దేశంలో నడిపించే కుర్చీ ఆయనకు దక్కింది. 1953లో పంజాబ్ పట్టణాలకు, 1954లో నాగపూరుకు, ఆ తర్వాత బొంబాయికి పథకం విస్తరించింది. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడం నచ్చక 1954లోనే గిరి రాజీనామా చేశాడు. కార్మిక మంత్రి కార్మికుల కోసం పదవి వదులుకోవడం మన దేశంలో తరచుగా జరిగే పని కాదు.

గిరి పుట్టిన ఊరికి మాత్రం ఆ చట్టం వల్ల ఒరిగింది తక్కువ. ఎందుకో చూడాలంటే చట్టంలోని మాటలే చదవాలి. అది సీజనల్ ఫ్యాక్టరీలకు వర్తించదు. ఆ జాబితాలో పత్తి జిన్నింగు, వేరుశెనగ పొట్టు తీయడం, లక్క, టీతో పాటు చక్కెర, బెల్లం కూడా ఉన్నాయి. గంజాంలో ఫ్యాక్టరీ అంటే ముందు గుర్తొచ్చేది ఆస్కా చక్కెరే. పంతొమ్మిదో శతాబ్దంలో మించిన్ దొర నడిపిన మిల్లు నుంచి తర్వాతి సహకార మిల్లు దాకా ఆ ప్రాంతపు పని అదే. ఇక బరంపురం పట్టు చీరలకు పేరు. ఆ నేతంతా ఇంటి మగ్గం మీద. మగ్గం గుంటలో కూర్చునే మనిషికి యజమాని ఎవరు, చందా ఎవరు కడతారు? గోపాలపూర్ తీరంలో చేపలు పట్టేవాళ్లు, భంజనగర్ వైపు వరి కోసేవాళ్లు ఆ చట్టం కంటికి కార్మికులే కాదు. 1927లో జెనీవా సభ పొలం కూలీకి విడిగా ఒక ఒప్పందమే రాసింది. ఇరవై ఒక్కేళ్ల తర్వాత మన చట్టం పొలాన్నీ మగ్గాన్నీ వదిలేసింది.

జీతానికి కట్టిన బీమా జీతం ఉన్న చోటికే పోతుంది. అప్పటి పరిస్థితుల్లో మొదటి అడుగు ఫ్యాక్టరీలోనే పడటం తప్పు కాదు. రెండో అడుగు అరవై ఏళ్లు వేయకపోవడమే తప్పు.

గంజాంకు నిజంగా మేలు చేసింది ఆసుపత్రి. 1962లో బరంపురంలో మెడికల్ కాలేజీ మొదలైంది. ఒడిశా తొలి ప్రధాని, పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరు దానికి పెట్టారు. ఎం.కె.సి.జి. అంటే ఇప్పుడు దక్షిణ ఒడిశా మొత్తానికి పెద్ద దిక్కు. గజపతి, రాయగడ, కొంధమాల్ నుంచి వస్తారు. సరిహద్దు దాటి ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి తెలుగువాళ్లూ వస్తారు. అంతకు ముందు ఈ ప్రాంతం వాళ్లు పెద్ద జబ్బొస్తే విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికో కటకానికో వెళ్లాల్సి వచ్చేది. భోర్ చెప్పిన దారిలో వచ్చిన ఫలం ఇది. పన్నుతో కట్టిన ఆసుపత్రి, ఎవరొచ్చినా చూసే ఆసుపత్రి.

ట్రూమన్ ఓడిన యుద్ధం

ఇదే కాలంలో అమెరికాలో ఏం జరిగిందో చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

1935లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సోషల్ సెక్యూరిటీ చట్టం తెచ్చినప్పుడు ఆరోగ్య బీమాను పక్కన పెట్టాడు. డాక్టర్ల సంఘం అడ్డుపడి మొత్తం చట్టమే మునిగిపోతుందేమోనని భయం. యుద్ధకాలంలో, 1942లో, జీతాలు పెంచకుండా ప్రభుత్వం కట్టడి పెట్టింది. బీమాను మాత్రం ఆ కట్టడి నుంచి మినహాయించారు. పనివాళ్లు దొరకని కంపెనీలు జీతం బదులు బీమా చూపించి మనుషుల్ని పిలిచాయి. 1954లో పన్ను చట్టం ఆ బీమా సొమ్ముకు పన్ను లేదని ఖాయం చేసింది. ఉద్యోగంతో బీమా ముడిపడింది అలాగే. ఎవరూ కూర్చుని ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు, యుద్ధం నాటి సర్దుబాటు స్థిరపడిపోయింది.

1945 నవంబర్ 19న తర్వాతి అధ్యక్షుడు హారీ ట్రూమన్ కాంగ్రెసుకు సందేశం పంపాడు. ప్రతి అమెరికన్‌కూ జాతీయ ఆరోగ్య బీమా కావాలన్నాడు. 1948లో గెలిచి మళ్లీ అదే పట్టు పట్టాడు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఒక్కో సభ్యుడి మీద 25 డాలర్లు విధించి, ప్రచార సంస్థను పెట్టుకుని, ఇది సోషలిస్టు వైద్యం అని దేశమంతా హోరెత్తించింది. బిల్లు పోయింది. 1965 జులై 30న లిండన్ జాన్సన్ ముసలివాళ్లకు మెడికేర్, బీదవాళ్లకు మెడికెయిడ్ చట్టం మీద ట్రూమన్ ఊరు ఇండిపెండెన్సుకు వెళ్లి సంతకం చేశాడు. మొదటి మెడికేర్ కార్డు ట్రూమన్‌కే ఇచ్చాడు. 2010లో ఒబామా చట్టం ఇంకొందరిని కలిపింది. అయినా 2023లో దాదాపు 2 కోట్ల 60 లక్షల మందికి అమెరికాలో ఏ బీమా లేదు. ఆ ఏడాది వైద్యం మీద ఆ దేశం పెట్టిన ఖర్చు 4.9 లక్షల కోట్ల డాలర్లు, జాతీయోత్పత్తిలో 17.6 శాతం. ఆయుర్దాయం 78 ఏళ్ల చిల్లర. జాతీయోత్పత్తిలో అందులో దాదాపు మూడింట రెండు వంతుల వాటా ఖర్చుతోనే అందరికీ బీమా ఇస్తున్న కెనడాలో ఆయుర్దాయం 81 దాటింది.

ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ కావడానికి కారణం దాచిపెట్టినదేమీ కాదు. వందల బీమా కంపెనీలు, ఒక్కోదానికి ఒక్కో ఆసుపత్రుల జాబితా, ఒక్కో ధర, ఒక్కో ఫారం. ఆసుపత్రులు వాటితో బేరమాడటానికి గుమస్తాల సైన్యాన్ని పోషించాలి. అందరినీ ఒకే నిధిలో చేర్చితే ఆ బేరం ఒక్కచోటే జరుగుతుంది. ఆరోగ్యవంతుడు, రోగి, కుర్రవాడు, ముసలాయన ఒకే లెక్కలో ఉంటారు కాబట్టి ఎవరి చందా భారమూ ఆకాశాన్నంటదు. కెనడాలో శస్త్రచికిత్సలకు నెలల తరబడి ఎదురుచూడాల్సి వస్తుందన్న విమర్శ నిజమే. ఆ వరసను డాక్టర్లను, గదులను పెంచి తగ్గించవచ్చు. అసలు వరసలో నిలబడే హక్కే లేనివాడికి ఏ వరసా తగ్గదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇది ఒంటికి తగిలే విషయం. హెచ్-1బి వీసా మీద ఉన్న ఇంజనీరు ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజులు. అదే రోజుల్లో కంపెనీ ఇచ్చిన బీమా కూడా ఆగుతుంది. కోబ్రా చట్టం కింద కొనసాగించుకోవాలంటే కంపెనీ వాటా కూడా తనే కట్టాలి. జీతం లేని నెలలో భార్య కాన్పు ఉంటే ఆ ఇంటి పరిస్థితి ఊహించుకోవచ్చు. గ్రీన్ కార్డు మీద పిల్లల దగ్గరికి చేరిన అమ్మానాన్నలు 65 నిండినా, అక్కడ అయిదేళ్లు వరసగా ఉంటే తప్ప మెడికేర్ కొనుక్కోలేరు. మెడికేర్ పుట్టిన 1965లోనే వలస చట్టం కూడా మారింది. విశాఖ, గుంటూరు వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు ఆ తర్వాతే పెద్ద సంఖ్యలో అమెరికా ఆసుపత్రులకు చేరారు. ఆ వ్యవస్థ లోపలి నుంచి ఎలా ఉంటుందో వాళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

గిరిసోల గేటు

మళ్లీ గంజాంకు. 2007 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. తొలి విడతలో మూడు జిల్లాలు: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు. గుండె ఆపరేషను, కాన్సరు చికిత్స కూలివాడి ఇంటికి అందుబాటులోకి వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొస ఇచ్ఛాపురం. అక్కడి నుంచి బరంపురం పాతిక కిలోమీటర్లు. మధ్యలో ఇటు పురుషోత్తపురం చెక్‌పోస్టు, అటు గిరిసోల. ఒకే రకం ఇళ్లు, అవే రెండు భాషలు, రెండు వైపులా బంధువులు. ఇటువైపు వాడి గుండెకు రెండు లక్షలు, అటువైపు వాడికి అలాంటి కార్డే లేదు. డబ్లిన్‌లో సముద్రం చేసిన పని ఇక్కడ 1936లో గీసిన గీత చేసింది.

ఇబ్బంది ఒకవైపే కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లను పట్టి పీడిస్తోంది. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల రోగులకు దగ్గరి పెద్ద ఊరు కొందరికి బరంపురమే. 2019 నవంబరులో ఆరోగ్యశ్రీని పక్క రాష్ట్రాలకు విస్తరించినప్పుడు ఎంచుకున్న నగరాలు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై. ఉద్దానం మనిషికి ఆ మూడూ వందల కిలోమీటర్ల దూరం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మళ్లీ కార్డు కంటే కట్టడమే అక్కరకొచ్చింది.

కార్డు ఇచ్చి ఊరుకుంటే వచ్చే ప్రమాదం కూడా ఆంధ్రప్రదేశే చూపించింది. ఆరోగ్యశ్రీ డబ్బు వస్తుందని కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు పెరిగాయి. చివరికి ఆ ఆపరేషన్లను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. అందరికీ బీమా కావాలనేవాళ్లు ఈ సంగతి దాచకూడదు. ధరను, అవసరాన్ని తనిఖీ చేసే ప్రభుత్వ యంత్రాంగం, పోటీగా నిలబడే ప్రభుత్వ ఆసుపత్రి లేకపోతే బీమా సొమ్ము రోగి చేతి మీదుగా వేరే జేబులోకి పోతుంది.

ఒడిశా 2018 ఆగస్టు 15న బిజు స్వాస్థ్య కల్యాణ యోజన తెచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ సొంత నియోజకవర్గం గంజాంలోని హింజిలి. ఆ పథకంలో మంచి భాగం ఏమిటంటే ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం ఆదాయంతో పనిలేకుండా అందరికీ ఉచితం. దాని మీద కార్డున్న కుటుంబానికి ప్రైవేటు ఆసుపత్రిలో 5 లక్షలు, ఆడవాళ్లకు 10 లక్షల దాకా. అయితే కేంద్రం అదే ఏడాది సెప్టెంబరు 23న మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్‌లో ఒడిశా చేరలేదు. రెండు ప్రభుత్వాల పంతం. ఆ పంతం భారం పడింది సూరత్‌లో ఉన్నవాళ్ల మీద.

రంగూన్ ఓడలు ఆగిపోయాక గంజాం కుర్రాళ్లు పట్టిన దారి సూరత్. పవర్‌లూమ్ షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టు, చెవులు చిల్లులుపడే రొద, మెస్ గదిలో వంతులవారీ నిద్ర. లక్షల మంది గంజాం వాళ్లు అక్కడ ఉన్నారు. చాలామందికి నియామక పత్రం ఉండదు, ఇ.ఎస్.ఐ. నంబరు ఉండదు. పది మంది పనిచేసే చోట, 21,000 లోపు జీతానికి, కార్మికుడి వాటా ముప్పావు శాతం, యజమాని వాటా మూడుంపావు శాతం కట్టాలని చట్టం ఉంది. రిజిస్టరులో పేరే లేనివాడికి ఆ శాతాలు ఎక్కడి నుంచి వస్తాయి? రేషన్ కార్డు గంజాంలో, ఒళ్లు గుజరాత్‌లో. 2020 మే నెలలో సూరత్ నుంచి శ్రామిక్ రైళ్లు జగన్నాథపూర్ స్టేషనులో ఆగి వేలమందిని దించినప్పుడు దేశం వాళ్లను టీవీలో చూసింది. 1928లో చెప్పిన కారణం, కూలీ ఒకచోట నిలవడన్న మాట, 92 ఏళ్ల తర్వాతా అలాగే పనిచేసింది.

2025 ఏప్రిల్ 11న కటకంలో ఆయుష్మాన్ భారత్‌ను ఒడిశా పథకంతో కలిపి ప్రారంభించారు. కోటి మూడు లక్షల కుటుంబాలు. ఇప్పుడు ఆ కార్డు దేశంలో చేరిన ఏ ఆసుపత్రిలోనైనా చెల్లాలి, సూరత్‌లో కూడా. అంతకు ముందు 2024 అక్టోబరులో 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా కేంద్రం ఇదే బీమా ఇచ్చింది. అమెరికా 1965లో చేరిన చోటికి మనం చేరాం. అక్కడే ఆగిపోకూడదు. ఈ కార్డు ఆసుపత్రిలో చేరినప్పుడే పనికొస్తుంది. నెలనెలా కొనే బీపీ, షుగరు మాత్రలకు, రక్త పరీక్షకు జేబే దిక్కు. దేశంలో వైద్యం ఖర్చులో జనం సొంతంగా పెట్టేది 2013-14లో 64 శాతం ఉంటే 2021-22కు 39 శాతానికి తగ్గింది. తగ్గిన మాట నిజం. 39 శాతం ఇంకా పెద్ద బరువే.

డబ్బున్న దేశాలకే ఇది సాధ్యమన్న వాదనకు థాయిలాండ్ 2002లోనే జవాబిచ్చింది. పన్ను డబ్బుతో, ఒక్కసారికి 30 బాత్ రుసుముతో, ఏ బీమా లేని జనాన్నంతా కలుపుకుంది. దక్షిణ కొరియా పెద్ద కంపెనీలతో 1977లో మొదలుపెట్టి పన్నెండేళ్లలో దేశమంతటికీ చేర్చింది. అమెరికాకు డబ్బు లోటు ఏనాడూ లేదు. అందరినీ ఒకే నిధిలో చేర్చే చట్టం చేయలేదు, అంతే. అది చేయాలి. మనమూ చేయాలి.

బరంపురంలో ఒక పెద్ద వీధికి వి.వి. గిరి పేరుంది. ఆ వీధిలో నడిచే కుటుంబాల్లో ఎవరో ఒకరు సూరత్‌లోనో, హైదరాబాద్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటారు. సూరత్‌లో ఉన్నవాళ్లు ఆయుష్మాన్ కార్డును ఫోన్‌లో పెట్టుకోండి, షెడ్డు యజమానిని ఇ.ఎస్.ఐ. నంబరు అడగండి, ఒక్కరుగా కాక పదిమంది కలిసి అడగండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఓటు వేసేముందు అభ్యర్థి ఆరోగ్య బీమా గురించి ఏమంటున్నాడో చదవండి. ఇక్కడ ఉన్నవాళ్లు ఎం.కె.సి.జి.లో ఖాళీగా ఉన్న డాక్టరు పోస్టుల గురించి మీ ఎమ్మెల్యేను అడగండి.

(సశేషం)